బిడ్డ ఉంటే ఆడ తినొద్దు

మా నాయన ఇంట్లో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. బస్సెక్కితే మాట్లాడేవాడు. అదీ ఒకే విషయం. ఎక్కడ తినాలి, ఎక్కడ తినగూడదు.

ఆయన చిత్తూరులో ఒక బెల్లం మండీ గుమాస్తా. సరుకు మాట్లాడ్డానికి తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, పలమనేరు తిరిగేవాడు. పక్కన కూర్చున్న మనిషి ఊరికి కొత్తని తెలిస్తే చాలు, "మధ్యాన్నం బువ్వ యాడ?" అని అడిగేవాడు. ఆ మనిషి ఇంకా ఏమీ అనుకోలేదంటే చెప్పడం మొదలుపెట్టేవాడు. పలమనేరులో బస్సు ఆగితే కాఫీ తాగు, పాలు మంచివి, వడ మాత్రం ముట్టొద్దు, నూనె నిన్నటిది. పాకాల స్టేషన్లో ఇడ్లీ తిను, చట్నీ వద్దు, పొడి అడుగు. తిరుపతిలో గోవిందరాజుల గుడి వెనక సందులో ఒక ముసలాయన మెస్సు ఉండాది, ఎండ నడినెత్తికి రాకముందే పో, ఆలస్యమైతే పోవద్దు. చిత్తూరులో దిగే మనిషైతే మా ఇంటికే రమ్మనేవాడు. ఒకరిద్దరు నిజంగానే వచ్చారు. అమ్మ ఏమీ అనకుండా పెట్టింది.

ఆయన రుచి గురించి చెప్పగా నేను వినలేదు. సాంబారు బాగుంటుందనో నెయ్యి కమ్మగా ఉంటుందనో అనేవాడు కాదు. "వంటిల్లు సూపించమంటే సూపించరు. చెయ్యి కడిగే చోటు సూడు. ఆడ పాచి పట్టి ఉంటే లోపల యెట్లుంటాదో నీకే తెలుస్తాది" అనేవాడు. అన్నీ చెప్పాక చివర్లో ఒక ప్రశ్న అడిగేవాడు. "బిడ్డలుండారా?"

ఉన్నారంటే మొదట్నించీ మళ్ళీ చెప్పేవాడు. బిడ్డకు సాంబారు వద్దు, బకెట్లో పొద్దుట్నుంచీ ఉంటాది. పొగలొచ్చే అన్నం మాత్రమే. నీళ్ళు కాచినవి అడుగు, ఇవ్వకపోతే ఆ హోటలు వదిలెయ్యి. కాళహస్తికి పోయేవాళ్ళయితే ఇంకో మాట కలిపేవాడు. బస్టాండు ఎదురుగా పెద్ద హోటలు ఒకటి ఉండాది. బిడ్డ ఉంటే ఆడ తినొద్దు.

కొందరు వినేవాళ్ళు. కొందరు కిటికీ వైపు తిరిగేవాళ్ళు. ఒకసారి నేను పక్కన ఉండగానే ఒకాయన, "నువ్వు బెల్లం అమ్ముతావా, సాపాటు అమ్ముతావా?" అని ఎగతాళి చేశాడు. నాయన నవ్వలేదు, కోపగించుకోలేదు. తను చెప్పాల్సింది పూర్తిచేశాడు.

కాళహస్తిలోని ఆ పెద్ద హోటలు మాకు తెలిసిన హోటలే. నాకు పదేళ్ళు ఉన్నప్పుడు చెల్లెలికి పుట్టెంట్రుకలు తీయించడానికి కొండకు వెళ్ళాం. కొండ దిగి, అందరిలాగే కాళహస్తి చూసుకుని ఇంటికి బయల్దేరాం. కాళహస్తిలో పెద్ద హోటలు, అద్దాల బీరువాలు, గోడకు పటాలు చూసి నాయనే లోపలికి పిలుచుకుపోయాడు. ఆ కుర్చీలో కూర్చోవడం నాకు గొప్పగా ఉండింది. అమ్మ సాంబారన్నం మెత్తగా పిసికి చెల్లెలికి పెట్టింది. రేణిగుంట దాటేసరికి దానికి వాంతులు మొదలయ్యాయి. పాకాల దగ్గరికొచ్చేసరికి ఏడవడం మానేసింది. చిత్తూరు ఆసుపత్రిలో తెల్లవారుజామున ప్రాణం పోయింది. తల మీద గంధం ఇంకా ఉంది.

మేము ముగ్గురమూ అదే అన్నం తిన్నాం. మాకేమీ కాలేదు. అందువల్ల అది ఆ అన్నమేనని ఎవరూ రుజువు చెయ్యలేరు. మా ఇంట్లో ఎవరూ ఆ ప్రయత్నం చెయ్యలేదు. హోటలుకు పిలుచుకుపోయింది నాయన. ముద్ద పెట్టింది అమ్మ. ఆ రెండు మాటలూ ఇంట్లో ఒకరితో ఒకరు అనుకోలేదు. దాని గురించి అసలు మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత నుంచి నాయన హోటళ్ళలో తినడం మొదలుపెట్టాడు. అంతకుముందు పనిమీద వెళ్ళినా అమ్మ కట్టిచ్చిన సద్ది తినేవాడు. ఇప్పుడు ఏ ఊరు వెళ్ళినా ఒక కొత్త చోట తినేవాడు. చెయ్యి కడిగే చోటు చూసేవాడు, తినేవాడు, ఆ రాత్రి ఇంటికొచ్చి తన కడుపు ఏమంటుందో చూసుకునేవాడు. కొన్నిసార్లు రెండు రోజులు లేవలేక పడుకునేవాడు. అమ్మ జీలకర్ర కాచిన నీళ్ళు తెచ్చి పక్కన పెట్టేది. ఎక్కడ తిన్నావని అడిగేది కాదు. ఆయన బాగయ్యాక ఆ ఊరికి పోయే బస్సులో వద్దని చెప్పాల్సిన హోటలు ఒకటి ఎక్కువయ్యేది.

నాకు ఇరవై అయిదేళ్ళు దాటిన ఏడాది, నాయన మండీలో తక్కెడ పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు.

మా ఇళ్ళలో దహనం నాడే కొడుక్కు తల, మీసం గొరుగుతారు. అస్థికలు స్వర్ణముఖిలో కలపాలని అమ్మ అంది. చిన్నాయన నాతో రావాల్సింది, జ్వరంతో లేవలేకపోయాడు. ఒక్కడినే పంపించడం ఎవరికీ ఇష్టం లేదు. కానీ ఎవరో ఒకరు వెళ్ళాలి కదా. కొత్త ముంతలో అస్థికలు వేసి, మూతికి గుడ్డ కట్టి, ఒక గుడ్డసంచిలో పెట్టి ఊరి బయటే నా చేతికిచ్చారు. నేల మీద పెట్టొద్దన్నారు. ఎవరింటికీ పోవద్దన్నారు. అమ్మ ఒక్క మాటే అంది.

"కర్మంతరం అయ్యేదాకా బయట మెతుకు ముట్టొద్దు. నువ్వు బయట తింటే ఆయన ఆకలితో తిరుగుతాడు."

సరేనన్నాను. నాకు అందులో నమ్మకం ఉందో లేదో అప్పుడు ఆలోచించలేదు. అమ్మ మూడు రోజులుగా సరిగ్గా తినలేదు. ఆవిడతో వాదించే స్థితి కాదు అది.

చిత్తూరులో బస్సెక్కగానే నా పక్క సీటు ఖాళీ అయింది. తిరుపతికి వెళ్ళేవాడికి అప్పటికే గుండు ఉంటే అది మొక్కు గుండు కాదని మా వైపు ఎవరికైనా తెలుసు. మొక్కు గుండు వచ్చేటప్పుడు ఉంటుంది, పోయేటప్పుడు కాదు. దానికి తోడు మీసం కూడా లేదు. కండక్టరు టికెట్టు చేతికివ్వకుండా సీటు మీద పెట్టి పోయాడు. తిరుపతి వరకూ ఒక్కడినే కూర్చున్నాను. బస్సులో నిలబడినవాళ్ళున్నా ఎవరూ నా పక్కన కూర్చోలేదు. నాకది బాగానే ఉండింది.

తిరుపతిలో కాళహస్తి బస్సు మారాను. ఆ బస్సులో సగం మంది గుండ్లే. కొండ దిగి కాళహస్తికి పోయేవాళ్ళు. చిత్తూరులో చావు గుండుగా ఉన్నది తిరుపతిలో బస్సు మారగానే మొక్కు గుండు అయింది. ఎవరూ పక్కకు జరగలేదు. పైగా ఒక ముసలావిడ నన్ను తోసుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"జరుగప్పా, నీ గుండు, మా వోడి గుండు పక్కపక్కన పెడితే బండికి రెండు చక్రాలయితాయి" అంది.

ఆవిడ పక్కన చివర్లో కూర్చున్న కొడుకు నవ్వాడు. నా ఈడువాడే. గుండుకు గంధం పట్టించుకున్నాడు, మీసం దట్టంగా ఉంది. పలమనేరు దగ్గర పల్లెటూరు, పాడి ఉంది, ఆవుల్ని పక్కింటాయనకు ఒప్పజెప్పి వచ్చామన్నాడు. ఆయన భార్య ముందు ఆడవాళ్ళ సీటులో మూటల మధ్య ఇరుక్కుని కూర్చుంది. చంకలో బిడ్డ. ఏడాది దాటి ఉంటుంది. ఆ గుండుకూ గంధమే. బస్సు కదిలి కుదుపులు మొదలవగానే బిడ్డ ఏడ్చింది. తల్లి వెనక్కి తిరిగి అత్తకు అందించింది. అవ్వ కాసేపు ఎత్తుకుంది. ఆ తర్వాత నన్ను అడగకుండానే నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

"కిటికీ కాడ గాలి తగిలితే ఏడుపు ఆపుతాది. కొంచెం పట్టుకోప్పా."

నా ఒక మోకాలి మీద సంచి ఉంది. రెండో మోకాలి మీద బిడ్డ.

"ఆ సంచి కింద పెట్టరాదాన్నా?" అన్నాడు కొడుకు.

"పరవాలేదు" అన్నాను.

"కింద పెట్టడంట. లడ్లు గదా మరి" అంది అవ్వ. సంచిని వేలితో పొడిచి చూసింది. "గుండ్రంగా, గట్టిగా ఉండాది. ఇన్ని లడ్లు యెట్లా సంపాదించినావప్పా? కొండమీద నీకెవురన్నా మేనమామ ఉండాడా?"

"లడ్లు కాదవ్వా."

"భయపడొద్దులే, మేమేం గుంజుకోం."

బిడ్డ ఏడుపు ఆపింది. సంచి మీద అరచేత్తో కొడుతోంది. నేను దాని చెయ్యి పట్టుకుని కిటికీ చువ్వ మీద పెట్టాను. అది మళ్ళీ సంచి మీదికే వచ్చింది. దానికి ఆ చప్పుడు నచ్చినట్టుంది. అవ్వ తన మూటలోంచి లడ్డు తీసి ఒక తుంట విరిచి నా చేతిలో పెట్టింది. మైలలో ఉన్నవాడు ప్రసాదం ముట్టగూడదు. వద్దనడానికి ఏం కారణం చెప్పాలో తెలీలేదు. పట్టుకున్నాను. కళ్ళకద్దుకోలేదు, నోట్లో వేసుకోలేదు. ఇంటికి తీసుకుపోతానన్నాను. దారిపొడుగునా అది అరచేతిలో నెయ్యి కారుతూనే ఉంది.

ఆవిడే బిడ్డ సంగతి చెప్పింది. అంతకుముందు కోడలికి ఇద్దరు పుట్టి పోయారు. ఇది నిలబడితే ముగ్గురూ గుండ్లు ఇస్తామని మొక్కుకున్నారు. "ముగ్గురంటే నేను గూడానబ్బా. కొండమీదికి పోయినాక కోడలు ఏడిసింది, అత్తా నీకు వద్దు, నువ్వు మూడు కత్తెర్లియ్యి సాలు అని. దేవుడితో బేరమాడినట్టుండాదే అన్నా. అయినా సరే అనేసినా. నా ఎంటికలు తీసుకొని ఆయన మాత్రం ఏం జేస్తాడు, వత్తులు జేసుకుంటాడా?"

ముందు సీట్లో కోడలు వెనక్కి తిరగకుండానే, "అత్తా, మెల్లిగా" అంది. బస్సులో ఒకరిద్దరు నవ్వారు.

కాళహస్తి దగ్గరవుతుండగా కొడుకు అడిగాడు.

"అన్నా, నువ్వు ఈడికి ముందే వచ్చినట్టుండావు. కాళహస్తిలో యాడ తింటే బాగుంటాది? బిడ్డ నోట్లోకి పొద్దుట్నుంచీ ఏమీ పోలా."

నేను చెప్పాను. ఆలోచించుకుని చెప్పలేదు. నాయన ఎన్నోసార్లు చెప్పగా విన్నదే అదే వరసలో వచ్చింది. గుడికి పోయే దారిలో కుడిచేతి పక్క సందు. నీలం తలుపులు. బోర్డు ఉండదు. తల్లి వండుతుంది, కొడుకు వడ్డిస్తాడు. అన్నం ఎప్పటికప్పుడు వారుస్తారు. బిడ్డకు పప్పన్నం చాలు. మజ్జిగ ముందు అడగండి, తర్వాత అయిపోతుంది. నీళ్ళు కాచినవి అడిగితే ఇస్తారు. అంతా చెప్పి, "బస్టాండు ఎదురుగా పెద్ద హోటలు కనపడుతుంది. బిడ్డ ఉంటే ఆడ తినొద్దు" అన్నాను. నాయన గొంతులో చెప్పినట్టు నాకే వినిపించింది. ఆయన నా మోకాలి మీదే ఉన్నాడు.

"ఎందుకన్నా? ఏమన్నా అయిందా?"

ఇద్దరు బిడ్డలు పోయి మూడో బిడ్డకు గుండు చేయించుకుని వస్తున్న మనిషికి మా చెల్లెలి సంగతి చెప్పలేకపోయాను.

"ఏమీ లేదు. బాగుండదు, అంతే."

"నువ్వు తిన్నావా ఆ నీలం తలుపులింట్లో?"

"చాలాసార్లు."

"అయితే ఇంకేం, అందరం కలిసే తిందాం రా. నువ్వే దారి సూపిద్దువు."

"నేను తినను."

"ఎందుకు తినవు?"

"ఉపవాసం."

"గుండు కొట్టించుకొని దర్శనం అయినాక ఉపవాసమేందబ్బా?" అంది అవ్వ. ఆవిడ గొంతు మారింది. "లడ్డు తినలా. తిండి తినవు. మమ్మల్ని మాత్రం బోర్డు గూడా లేని సందులోకి పొమ్మంటావు. అంత పెద్ద హోటలు బాగలేదంటావు, ఎందుకంటే చెప్పవు. యెంతిస్తారప్పా నీకు ఆడ, మనిషికి?"

"అమ్మా" అన్నాడు కొడుకు.

"నువ్వుండరా. నిన్న తిరుపతిలో వొకడు ఇట్లే గదా, మన ఊరోడి మాదిరి మాట్లాడి, సత్రం అని చెప్పి, మురిక్కాలవ పక్కన రూములో వదిలిపెట్టి పోయినాడు. వాడు గూడా గుండోడే. గుండు కొట్టుకొని మన మధ్యలోనే కూసుంటే మనం నమ్ముతామని ఈళ్ళకు తెల్సు."

బస్సులో అందరూ చూస్తున్నారు. ఒక్క మాటతో అది ఆగిపోయేది. కానీ ఆ మాట చెప్పేదెట్లా, బిడ్డ నా ఒళ్ళో ఉంది. దాని చెయ్యి ముంత మీద ఉంది. అవ్వ బిడ్డను లాక్కుంది. బిడ్డ మళ్ళీ ఏడ్చింది. మిగతా దారి ఎవరూ నాతో మాట్లాడలేదు.

దిగాక బస్టాండులో అడుక్కుంటున్న ఒకామెకు లడ్డు తుంట ఇచ్చేసి ఏటికి నడిచాను. ఆ ఏడు వానల్లేవు. స్వర్ణముఖిలో ఇసుకే ఎక్కువ. నీళ్ళు ఒక ఒడ్డున సన్నగా ఉన్నాయి. కర్మ చేయించే ఒకాయన నాలుగు మాటలు చెప్పించాడు. ముంత విప్పి వంచాను. నీళ్ళు పారడం లేదు. బూడిద నా కాళ్ళ చుట్టూనే నిలబడింది. చేత్తో నెట్టాను. కొంచెం దూరం పోయి ఆగింది. మళ్ళీ నెట్టాను. పోతుందిలే, వానొస్తే పోతుంది అన్నాడాయన. మునిగి, తడి పంచెతోనే బయటికి వచ్చాను.

బస్టాండుకు పోయే దారిలోనే ఆ సందు ఉంది. ఎందుకో తెలీదు, లోపలికి తిరిగాను. నీలం తలుపుల దగ్గర వడ్డించే ఆయన నిలబడి ఉన్నాడు. నన్ను నాయనతో ఎన్నోసార్లు చూసినవాడే. నా తల చూశాడు, మీసం లేని మూతి చూశాడు.

"పెద్దాయనా?" అన్నాడు.

తల ఊపాను. ఆయన గడప దాటి బయటికొచ్చాడు. లోపలికి రమ్మనలేదు. రమ్మనకూడదని ఆయనకు తెలుసు.

"ఇప్పటికీ వస్తానే ఉంటారప్పా, ఆయన పంపించినోళ్ళు. కూసోకముందే మజ్జిగ అడుగుతారు. ఓహో, ఈళ్ళు పెద్దాయన బస్సులో వచ్చినారు అనుకుంటాం."

"ఇప్పుడొక అవ్వ, గుండు మనిషి, చిన్న బిడ్డతో వచ్చారా?"

"లేదప్పా. బిడ్డతో ఎవురూ రాలా."

బస్టాండు వైపు నడిచాను. పెద్ద హోటలు ముందుభాగం తెరిచే ఉంటుంది. రోడ్డు మీద నుంచే లోపలి బల్లలు కనపడతాయి. వాళ్ళు రెండో బల్ల దగ్గర ఉన్నారు. నేను వద్దన్నాను కాబట్టే అక్కడికి వచ్చారని నాకు అనిపించింది. వద్దనకపోతే గుడికి పోయే దారిలో ఎక్కడైనా తినేవాళ్ళేమో. ఆకులు వేసి ఉన్నాయి, అన్నం పెట్టి ఉంది. అవ్వ బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని సాంబారన్నం పిసుకుతోంది. కోడలు పక్కన కూర్చుని బిడ్డ చేతులు పట్టుకుంది.

ఆ హోటలు ఆ రోజు ఎట్లా ఉందో నాకు తెలీదు. ఓనరు మారి ఉండొచ్చు. వంటవాళ్ళు మారే ఉంటారు. పదిహేనేళ్ళయింది. నాయన మళ్ళీ ఎన్నడూ అక్కడ తినలేదు. అన్ని హోటళ్ళనూ తన కడుపుతో పరీక్ష చేసినవాడు దాన్నొక్కదాన్నీ చెయ్యలేదు. ఆ అన్నం మంచిదే కావచ్చు. అవ్వ అన్నట్టు నేను కారణం చెప్పలేని మనిషినే.

మా వైపు ఆకు ముందు కూర్చున్నవాళ్ళకు చావు కబురు చెప్పరు. కబురు తెచ్చినవాడు ఎంత దూరం నుంచి వచ్చినా వాకిట్లో నిలబడతాడు. తినేవాళ్ళు చెయ్యి కడుక్కున్నాక చెప్తాడు. ముందే చెప్తే ఆ అన్నం ఇక తినగూడదు, లేవాల్సిందే. అన్నం ముందు నుంచి మనిషిని లేపిన పాపం చెప్పినవాడికి వస్తుందంటారు. చిన్నప్పట్నుంచీ విన్న మాట.

అది తెలిసే లోపలికి వెళ్ళాను. బల్ల దగ్గర నిలబడి, వాళ్ళకు వినపడేంత గట్టిగా చెప్పాను.

"అవ్వా, నేను బ్రోకర్ని కాదు. మా నాయన చచ్చిపోయినాడు. ఇది చావు గుండు. ఇప్పుడే ఆయన్ని ఏట్లో కలిపి వస్తాండా. బస్సులో నా సంచిలో ఉండింది ఆయనే."

అవ్వ చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. కొడుకు లేచాడు, కుర్చీ వెనక్కి పడింది. చుట్టుపక్కల బల్లల దగ్గర కూడా ఇద్దరు ముగ్గురు లేచారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన, "యెవుడ్రా వాడు, బయటికి గుంజండ్రా" అని అరిచాడు. అవ్వ చేతిలోని ముద్దను ఆకులో పడేసింది.

"నీ నోట్లో మన్ను పడ. నీ వొళ్ళో పెట్టినానే బిడ్డను. దాని చెయ్యి దాని మీదే ఉండిందే. అప్పుడు నోరు రాలేదంట్రా నీకు? ఇప్పుడొచ్చిందా, బిడ్డ నోటికాడ?"

కొడుకు నన్ను కొట్టడానికి చెయ్యెత్తాడు. తడి పంచె మీద ఉన్న మైల మనిషిని ముట్టుకోలేక ఆ చెయ్యి దించాడు. కోడలు వీటిలో ఏదీ పట్టించుకోలేదు. బిడ్డ నోట్లో వేలు పెట్టి, లోపలున్న ముద్ద తీసేసింది. ఇంకొకసారి పెట్టి చూసింది. నాలుక మీద ఏమీ లేదనుకున్నాక బిడ్డను భుజానేసుకుని నా వైపు చూడకుండా బయటికి నడిచింది. మిగిలిన ఇద్దరూ మూటలెత్తుకుని వెంట పోయారు. ఏటి వైపు పోతున్నారని అర్థమైంది. స్నానం చెయ్యకుండా ఇక గుడికి పోలేరు, తినలేరు. ఆ సన్నటి నీళ్ళలోనే బిడ్డను కూడా ముంచుతారు. నేను బూడిదను నెట్టి వచ్చిన నీళ్ళు అవి. అది వాళ్ళకు చెప్పలేదు.

ఆ తర్వాత వాళ్ళు ఎక్కడ తిన్నారో, అసలు తిన్నారో లేదో తెలీదు. బిడ్డ ఏమైందో తెలీదు. ఏమీ కాలేదనే అనుకుంటాను. ఏమైనా అయి ఉంటే మాత్రం అవ్వ నా ఒళ్ళో కూర్చోబెట్టడం వల్లే అయిందని జీవితాంతం అనుకుంటుంది. తను హోటలుకు పిలుచుకుపోవడం వల్లేనని మా నాయన అనుకున్నట్టు.

చిత్తూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. పెరట్లో మళ్ళీ నీళ్ళు పోసుకున్నాను. అమ్మ వెనక వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"కలిపినావా?"

"కలిపినా."

"నీళ్ళుండినాయా?"

"ఉండినాయి."

"బయట ఏమన్నా తిన్నావా?"

"లేదు" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆపి ఉండొచ్చు. ఆపలేదు. "తినే వాళ్ళను ఆకు ముందు నుంచి లేపేసినానమ్మా."

ఎవరినని అడిగింది. చెప్పాను. బస్సు, బిడ్డ, అవ్వ అన్న మాటలు, అన్నీ. ఏ హోటలు అని అడగలేదు. బస్టాండు ఎదురుగా అనగానే ఆవిడ చూపు నా మీద నుంచి పోయింది. దూలానికి కట్టిన దండెం వైపు చూస్తూ విన్నది. పాపం అంటుందనుకున్నాను. అనలేదు.

"బిడ్డ తినేసిందా?"

"ఒక ముద్ద నోట్లో పెట్టుకునింది. వాళ్ళమ్మ తీసేసింది."

"నోట్లోంచా?"

"ఆ. వేలు పెట్టి తీసేసింది."

దీపం పెట్టే వేళయింది. అమ్మ లేవలేదు.

"అంతా తీసేసిందా?" అని మళ్ళీ అడిగింది.

"అంతా."

"నువ్వు సూసినావా?"

"సూసినా" అన్నాను.

ఆవిడ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. రెండు పళ్ళేలు తీసి పెట్టింది. అన్నం ఒకదాంట్లో నాకు వడ్డించింది. రెండోదాంట్లో తనకు వడ్డించుకుంది. ముద్ద కలుపుకుంది, కలిపి అట్లాగే పళ్ళెంలో ఉంచింది. నేను తినడం మొదలుపెట్టేదాకా చూసింది. తర్వాత తినింది.